కిర్‌స్టెన్ మున్క్ విషయంలో రాజు మాటే రుజువా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో డెన్మార్క్, నార్వేలను ఏలిన నాలుగో క్రిస్టియన్ గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇష్టంగానే చదివాను, ఎందుకంటే మన తెలుగు పత్రికల్లో ఆ దేశాల చరిత్ర కనబడటమే అరుదు. పదకొండేళ్ళు నిండకముందే తండ్రి పోయి, 1596లో పట్టాభిషేకం చేసుకుని, కోపెన్‌హాగెన్‌లో రోసెన్‌బోర్గ్ కోట, నక్షత్రాలు చూడటానికి గుండ్రటి బురుజు కట్టించి, 1620లో తరంగంబాడిలో కోట కోసం తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకున్న రాజు ఆయన. ఇవన్నీ బాగానే రాశారు. కానీ చివర్లో కుటుంబం గురించి ఒక్క పేరా పెట్టి, రెండో రాణి కిర్‌స్టెన్ మున్క్ గుణం మంచిది కాదని, ఒక జర్మన్ సైనికుడితో సంబంధం పెట్టుకుని రాజు గుండె కోసిందని, ఆ దిగులుతోనే ఆయన జీవితం చేదైపోయిందని నాలుగు వాక్యాల్లో తేల్చేశారు. పైగా 1623 నాటి చిత్రం వేసి కింద "రాణి, పిల్లలు" అని రాశారు. మా అమ్మాయి అది చదివి, "ఆవిడ నిజంగా అంత చెడ్డదా అమ్మా?" అని అడిగింది. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను, అందుకే మీకు రాస్తున్నాను.

ముందు ఒక తప్పు దిద్దాలి. కిర్‌స్టెన్ రాణి కాదు. ఒక్కరోజు కూడా కాదు. ఇది చిన్న పొరపాటని మీకు అనిపించవచ్చు గానీ ఆ కుటుంబంలో తర్వాత జరిగిన గొడవలన్నీ ఇక్కడే మొదలయ్యాయి, కాబట్టి ఇది తప్పు రాస్తే మిగతాదంతా తప్పే అవుతుంది.

రాజుగారి అసలు రాణి అన్నా కేథరీన్, బ్రాండెన్‌బర్గ్ రాకుమారి. 1597 నవంబరులో హాడర్స్‌లేవ్‌లో పెళ్ళి. అప్పటికి రాజుకు ఇరవై ఏళ్ళు, ఆమె రెండేళ్ళు పెద్ద. భక్తిపరురాలు, రాజ్య వ్యవహారాల్లో ఎక్కడా ముందుకు రాలేదు. పిల్లలు పుట్టారు, కొందరు పసితనంలోనే పోయారు, ముగ్గురు మగపిల్లలు మాత్రం పెద్దవాళ్ళయ్యారు: క్రిస్టియన్, ఫ్రెడరిక్, ఉల్రిక్. స్వీడన్‌తో కాల్మార్ యుద్ధం జరుగుతుండగా 1612లో ఆమె చనిపోయింది. ముప్పై ఆరేళ్ళే. ఆ పెళ్ళి గురించి ఇంతకంటే చెప్పుకునేది పెద్దగా లేదు. ఒక్క విషయం తప్ప. రాణి బతికుండగానే, 1611లో, రాజుకు కిర్‌స్టెన్ మాడ్స్‌డాటర్ అనే మరొకామె వల్ల కొడుకు పుట్టాడు. ఆ తర్వాత కారెన్ ఆండర్స్‌డాటర్ అనే ఆమెతో సంబంధం, 1615లో ఇంకో కొడుకు. ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ నక్షత్రాలను చూసిన హ్వెన్ దీవి తెలుసు కదా, ఆ దీవిని తర్వాత ఈ కారెన్‌కే ఇచ్చాడు. ఆ కొడుకులిద్దరికీ గ్యుల్డెన్‌లోవె అని ఇంటిపేరు పెట్టాడు, అంటే బంగారు సింహం. రాజు కొడుకులని అందరికీ తెలిసేలా పెట్టిన పేరు అది. మీ వ్యాసంలో ఈ ఇద్దరు ఆడవాళ్ళ పేర్లూ లేవు, ఆ పిల్లల ఊసూ లేదు. గుణం గురించి మాట్లాడాలనుకుంటే ఇక్కడి నుంచి మాట్లాడాలి కదా సార్.

ఇప్పుడు కిర్‌స్టెన్ దగ్గరికి వద్దాం. 1598లో పుట్టింది, అంటే రాజు కంటే ఇరవై ఒక్క ఏళ్ళు చిన్న. తండ్రి లుడ్విగ్ మున్క్ అప్పటికే లేడు. తల్లి ఎలెన్ మార్స్‌విన్ డెన్మార్క్‌లోని పెద్ద భూస్వాముల్లో ఒకరు, లెక్క తెలిసిన మనిషి. రాజు కన్ను కూతురి మీద పడిందని తెలిశాక ఆవిడ ఒక మాట మీద నిలబడింది: తన కూతురిని ఉంచుకుంటానంటే కుదరదు, పెళ్ళి చేసుకోవాలి, ఆస్తి రాసివ్వాలి. ఒక రాజు ముందు ఒక విధవరాలు అలా బేరం పెట్టడం మామూలు విషయం కాదు, నాకైతే ఈ కథలో మొదట గౌరవం కలిగింది ఆవిడ మీదే. అలా 1615 డిసెంబరు 31న పెళ్ళి జరిగింది. కిర్‌స్టెన్‌కు పదిహేడేళ్ళు.

అయితే అది ఎడమచేతి పెళ్ళి. యూరప్‌లో రాజులు తమ కంటే తక్కువ వంశంలో పిల్లను చేసుకుంటే పాటించే పద్ధతి ఇది. పెళ్ళి పెళ్ళే, పిల్లలు సక్రమ సంతానమే, కానీ భార్యకు రాణి హోదా ఉండదు, పిల్లలకు సింహాసనం మీద హక్కు ఉండదు. డెన్మార్క్ సర్దార్లకు కూడా కావలసింది ఇదే, తమలో ఒక ఇంటి ఆడపిల్ల రాణి అయి కూర్చుంటే మిగతా ఇళ్ళవాళ్ళు ఊరుకోరు. కాబట్టి కిర్‌స్టెన్ రాజుతో ఒకే ఇంట్లో ఉంటుంది, పిల్లల్ని కంటుంది, కానీ రాణి అనిపించుకోదు. పెళ్ళయిన పన్నెండేళ్ళకు, 1627లో, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ కౌంటెస్ అనే బిరుదు ఇచ్చారు. ఇది తెలియకుండా "రాణి" అని రాస్తే, ఆమె అంతకాలం ఏ అంచున నిలబడి బతికిందో పాఠకులకు అర్థం కాదు. రాణిని ఇంట్లోంచి పంపేయాలంటే ఆమె పుట్టింటి రాజ్యం అడ్డొస్తుంది. ఎడమచేతి భార్యకు అడ్డొచ్చేవాళ్ళు ఎవరు?

పిల్లల సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసంలో "చాలామంది పిల్లలు" అని రాసి వదిలేశారు. 1617 నుంచి 1629 వరకు పన్నెండు మంది అని లెక్క. బతికిన మొదటి పాపకు అన్నా కేథరీన్ అని పేరు పెట్టారు, చనిపోయిన రాణి పేరే. తర్వాత సోఫీ ఎలిజబెత్, లియోనోరా క్రిస్టీనా, వాల్దెమార్ క్రిస్టియన్, ఎలిజబెత్ ఆగస్టా, ఇలా దాదాపు ఏడాదికొకరు. 1626లో కవలలు, క్రిస్టియానె, హెడ్‌విగ్. కొందరు పుట్టగానే పోయారు, ఒక బాబు రెండేళ్ళకు పోయాడు. పంతొమ్మిదేళ్ళ నుంచి ముప్పై ఒకటి వచ్చేదాకా ఆ అమ్మాయి కడుపుతోనో, బాలింతగానో, బిడ్డను పోగొట్టుకున్న తల్లిగానో ఉంది. ఈ పన్నెండేళ్ళ గురించి ఒక్క వాక్యం రాయకుండా పదమూడో ఏడు ఆమె మనసు ఎటు పోయిందో రాయడం నాకు చాలా బాధగా అనిపించింది.

ఇక ఆ సైనికుడి విషయం. నేను కిర్‌స్టెన్‌ను పతివ్రతగా నిలబెట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. రాజు యూరప్‌లో సాగుతున్న ముప్పై ఏళ్ళ యుద్ధంలో దిగి 1626 ఆగస్టులో లుట్టర్ దగ్గర ఘోరంగా ఓడిపోయాడు. ఆ తర్వాత శత్రు సైన్యం డెన్మార్క్ ప్రధాన భూభాగం జట్‌ల్యాండ్ మొత్తం ఆక్రమించింది. ఇంటి మనిషికి ఓటమి, అవమానం, చేతిలో డబ్బు లేదు, ఇంట్లో టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ రోజుల్లోనే రాజు కొలువులో ఉన్న ఓటో లుడ్విగ్ అనే జర్మన్ ప్రభువు, అశ్వికదళ అధికారి, కిర్‌స్టెన్‌కు దగ్గరయ్యాడు. ఆమెకంటే ఏడాది పెద్ద, అంతే. ఆమె అతణ్ణి ప్రేమించిందనే నేను అనుకుంటున్నాను, చాలామంది చరిత్రకారులూ అలాగే అనుకుంటారు. 1629 సెప్టెంబరులో డొరొతియా ఎలిజబెత్ పుట్టింది. ఆ పాప తన బిడ్డ కాదని రాజు చెప్పేశాడు. ఆమెను ఎప్పుడూ కూతురిగా ఒప్పుకోలేదు. పెద్దయ్యాక ఆమె కొలోన్‌లో కేథలిక్ సన్యాసినిగా బతికి, 1687లో కన్నుమూసింది. ప్రొటెస్టెంట్ రాజు ఇంట్లో పుట్టిన పిల్ల కేథలిక్ మఠానికి చేరడం అంటే పుట్టింటికి పూర్తిగా దూరమైందనే కదా.

ఈ మొత్తం కథ మనకు ఎవరి ద్వారా తెలిసింది అనేది నేను అడుగుతున్న అసలు ప్రశ్న. రాజు ద్వారానే. ఆయన స్వయంగా, తన చేత్తో ఉత్తరాలు రాసే అలవాటున్న మనిషి, దాదాపు మూడు వేలు ఇప్పటికీ ఉన్నాయి, అచ్చయ్యాయి కూడా. ఓడల కొయ్య గురించి, వంటింటి ఖర్చుల గురించి, పిల్లల చదువు గురించి, ప్రతిదాని గురించీ రాశాడు. భార్య మీద కోపం వచ్చాక ఆ కోపం కూడా ఏళ్ళ తరబడి రాస్తూనే పోయాడు. ఫిర్యాదు చేసింది ఆయనే, విచారణ పెట్టించింది ఆయనే, శిక్ష వేసిందీ ఆయనే. ఆమె వైపు నుంచి అంత దొంతర కాగితాలు లేవు. కోర్టులో ఒక పక్షం వాదన మాత్రమే విని తీర్పు రాస్తే మీరే సంపాదకీయంలో ఉతికి ఆరేస్తారు, మరి నాలుగు వందల ఏళ్ళనాటి ఆడమనిషి విషయంలో అదే పని ఎందుకు చేశారు?

ఇంకొకటి. 1617లో, లూథర్ మొదలుపెట్టిన ప్రొటెస్టెంట్ మత సంస్కరణకు నూరేళ్ళు నిండిన ఏడు, ఇదే రాజు పెళ్ళి బయటి సంబంధాలను శిక్షించే శాసనం తెచ్చాడు. అప్పటికే ఆయనకు పెళ్ళి బయట పుట్టిన పిల్లలున్నారు. మంత్రగత్తెల మీద శాసనం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది, దాని పేరు చెప్పి ఎందరు పేద ఆడవాళ్ళను తగలబెట్టారో అది వేరే ఉత్తరం. ఇక కిర్‌స్టెన్‌ను దూరం పెట్టిన సమయానికే రాజు విబెకె క్రూసె అనే యువతిని చేరదీశాడు. ఆమె ఎవరో కాదు, కిర్‌స్టెన్ దగ్గర పనిచేసిన అమ్మాయే. 1630లో వాళ్ళిద్దరికీ కొడుకు పుట్టాడు, ఇంకో గ్యుల్డెన్‌లోవె. అదే ఏడు కిర్‌స్టెన్ రాజు కొలువు వదిలి జట్‌ల్యాండ్‌లోని బోలర్ భవంతికి పోవలసి వచ్చింది, ఇష్టం వచ్చినట్టు తిరిగే వీలు లేకుండా, పిల్లలకు దూరంగా. ఒకే సంవత్సరంలో, ఒకే ఇంట్లో, ఒకే పనికి ఒకరికి శిక్ష, ఇంకొకరికి పండగ. దీన్ని "రాజుగారి కుటుంబ కష్టాలు" అని ఎలా అంటాం?

పిల్లల విషయంలో రాజు ప్రేమగల తండ్రి అన్నది నిజం, నేను కాదనను. వాళ్ళ పెంపకానికి కారెన్ సేహెస్టెడ్ అనే ఆమెను పెట్టాడు, వాళ్ళ చదువు తనే కనుక్కునేవాడు. కానీ సింహాసనం ఇవ్వలేని కూతుళ్ళతో ఏం చేయాలో ఆయనకు బాగా తెలుసు. దేశంలోని పెద్ద సర్దార్ల ఇళ్ళకు ఇచ్చి, అల్లుళ్ళను తన చుట్టూ కోటగోడలా కట్టుకుందామనుకున్నాడు. లియోనోరా క్రిస్టీనాను తొమ్మిదేళ్ళ వయసులో కార్ఫిట్స్ ఉల్ఫెల్ట్‌కు నిశ్చయం చేశాడు, 1636లో పెళ్ళి, ఆమెకు పదిహేను, అతనికి ముప్పై. క్రిస్టియానెను హన్నిబాల్ సేహెస్టెడ్‌కు ఇచ్చి అతణ్ణి నార్వేకు గవర్నర్ చేశాడు. పెద్దమ్మాయి అన్నా కేథరీన్‌ది మరీ ఘోరం. ఆమెకు నిశ్చయమైన ఫ్రాన్స్ రాంట్సావ్ 1632లో రోసెన్‌బోర్గ్ కోట కందకంలో పడి మునిగిపోయాడు, మరుసటి ఏడు ఆమె కూడా పోయింది. కొడుకు వాల్దెమార్‌ను రష్యా చక్రవర్తి జార్ మిఖాయిల్ కూతురు ఇరీనాకు ఇచ్చి చేద్దామని మాస్కో పంపితే, మతం మారితేనే పెళ్ళి అన్నారు. అతను మారనన్నాడు. పంపించరు, పెళ్ళి చేయరు, ఏడాదిన్నర దాకా దాదాపు బందీలా ఉండిపోయి, 1645లో జార్ మిఖాయిల్ చనిపోయాకే బయటపడ్డాడు.

వీటిలో ఏ పెళ్ళీ రాజు ఒక్కడి ఇంటి విషయంగా మిగల్లేదు. అల్లుళ్ళు బలపడ్డారు, దేశ మండలిలో వాళ్ళ మాట చెల్లడం మొదలైంది, తమ భార్యల తల్లి గౌరవం కోసం రాజుతోనే తలపడ్డారు. ఒకవైపు కిర్‌స్టెన్ పిల్లలు, ఇంకోవైపు విబెకె, ఆమె పిల్లలు, మూడో వైపు మొదటి రాణి కొడుకులు. ముసలితనంలో రాజు ఈ మూడు పక్షాల మధ్య నలిగిపోయాడు. 1644లో కోల్‌బెర్గర్ హైడె నౌకాయుద్ధంలో అరవై ఏడేళ్ళ వయసులో ఓడ మీద నిలబడి ఒక కన్ను పోగొట్టుకున్నాడు, ఆనాటి రక్తపు మరకల బట్టలు ఇప్పటికీ రోసెన్‌బోర్గ్‌లో ఉన్నాయి. ఆ ధైర్యం గురించి మీ వ్యాసంలో రాసింది పూర్తిగా నిజం. అంత ధైర్యవంతుడు తన ఇంట్లో మాత్రం ఎవరికీ న్యాయం చేయలేకపోయాడు. 1647లో యువరాజు క్రిస్టియన్ సంతానం లేకుండా పోయాడు. 1648 ఫిబ్రవరి 28న రాజు పోయాడు. వెంటనే అల్లుళ్ళు విబెకెను కోటలోంచి వెళ్ళగొట్టారు. ఆమె రెండు నెలలకే చనిపోయింది. కిర్‌స్టెన్ పక్షాన మాట్లాడుతున్నాను కదా అని ఇది దాచలేను. విబెకెకు జరిగింది కూడా అన్యాయమే, ఆమెకు ఎడమచేతి పెళ్ళి పాటి రక్షణ కూడా లేదు.

ఈ కథలో నన్ను ఎక్కువ కలచివేసే మనిషి మాత్రం లియోనోరా క్రిస్టీనా. తండ్రికి ఇష్టమైన కూతురు, చదువుకున్నది, భాషలు వచ్చినది. మొదటి రాణి కొడుకు ఫ్రెడరిక్, మూడో ఫ్రెడరిక్‌గా రాజయ్యాక ఆయన భార్య సోఫీ అమాలీకి, లియోనోరాకు పడలేదు. ఒకరు కిరీటం పెట్టుకున్న రాణి, ఇంకొకరు రాజు కూతురై ఉండి కూడా పూర్తిగా రాకుమారి కానిది, ఎవరు ఎవరికి వంగాలి అన్న దగ్గరే గొడవ. ఉల్ఫెల్ట్ దేశం విడిచి స్వీడన్ పంచన చేరి, 1658లో డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య జరిగిన రోస్‌కిల్డె సంధిలో స్వీడన్ తరఫునే కూర్చున్నాడు. అది ద్రోహమే, ఒప్పుకోవాలి. కానీ 1663లో లియోనోరా ఇంగ్లండ్ వెళ్ళింది, రాజు రెండో చార్లెస్ తన భర్తకు బాకీ పడ్డ డబ్బు అడగడానికి. చార్లెస్ నాన్నమ్మ ఎవరో తెలుసా, నాలుగో క్రిస్టియన్ సొంత అక్క అన్నా. అంత దగ్గరి చుట్టం. లియోనోరా తిరుగు ప్రయాణంలో డోవర్ రేవు చేరగానే పట్టుకుని డెన్మార్క్‌కు అప్పగించేశారు.

కోపెన్‌హాగెన్ కోటలోని నీలి బురుజులో పెట్టారు. విచారణ లేదు. ఇరవై ఒక్క ఏళ్ళ తొమ్మిది నెలల పదకొండు రోజులు. భర్త మరుసటి ఏడే పోయాడు, ఆమె మాత్రం లోపలే. మొదట్లో రాసుకోవడానికి ఏమీ ఇవ్వకపోతే చక్కెర పొట్లాల కాగితం దాచుకుని రాసేది. ఎలుకలు, నల్లులు, కాపలా ఆడవాళ్ళ మాటలు, తన ప్రార్థనలు, తన కోపం, అన్నీ రాసింది. సోఫీ అమాలీ 1685లో చనిపోయాకే విడుదల. నలభై రెండేళ్ళకు లోపలికి వెళ్ళిన మనిషి అరవై మూడేళ్ళకు బయటికి వచ్చింది. ఆమె రాసినది 1869లో గానీ అచ్చు కాలేదు, అచ్చయ్యాక డేనిష్ గద్యంలో గొప్ప రచన అని అందరూ ఒప్పుకున్నారు. ఆ కుటుంబంలోని ఆడవాళ్ళలో తన కథ తను చెప్పుకోగలిగింది ఆమె ఒక్కతే, అది కూడా ఇంత ఖరీదు పెట్టి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆ పేరాలో కిర్‌స్టెన్‌కు వాడిన మాట వెనక్కి తీసుకోండి, లేదా అదే మాట రాజుకూ వాడండి. ఆమె రాణి కాదని, ఎడమచేతి పెళ్ళి చేసుకున్న భార్య అని ఒక దిద్దుబాటు వేయండి. ఇక మీరు వేసిన ఆ చిత్రం కింద "పిల్లలు" అని వదిలేయకుండా పేర్లు కూడా రాయండి, అందులో ఉన్నది నలుగురే కాబట్టి చోటు పెద్దగా పట్టదు: అన్నా కేథరీన్, సోఫీ ఎలిజబెత్, లియోనోరా క్రిస్టీనా, వాల్దెమార్ క్రిస్టియన్.

ఇట్లు,
మీ పాఠకురాలు